పొత్తిళ్లలో పొంచివున్న మృత్యువు

19వ శతాబ్ది చివరి దశకాలలో స్కాట్లండులోని డండీ నగరంలో చార్లెస్ టెంపుల్‌మన్ అనే పోలీసు వైద్యుడు వుండేవాడు. రాత్రి హాయిగా నిద్రపోయి, తెల్లవారేసరికి విగతజీవులై కనిపించిన పసికందుల దేహాలను పరీక్షించి కారణం తేల్చటం ఆయన విధులలో ఒకటి. 1892లో ఆయన అటువంటి 258 మరణాలను క్రోడీకరించి ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించాడు. వాటిలో పెద్దభాగం శనివారం రాత్రికీ ఆదివారం ఉదయానికీ మధ్య సంభవించినవే. డండీ అప్పట్లో జనపనార మిల్లుల నగరం. మన వంగదేశపు జనుమే ఆ మిల్లులను నడిపేది. శనివారం రాత్రి సారాయి దుకాణాలు కిటకిటలాడేవి. తల్లుల అజ్ఞానం, అజాగ్రత్త, తాగుడు, ఇరుకైన నివాసాలు - ఇవే ఈ మరణాలకు కారణాలని టెంపుల్‌మన్ నిర్ణయించాడు. తాగి వొళ్లెరుగని తల్లి నిద్రలో బిడ్డ మీదికి ఒరిగిందన్నది ఆయన సిద్ధాంతం.

ఇటువంటి మృత్యువును ఇంగ్లీషులో అప్పట్లో 'ఓవర్‌లేయింగ్' అనేవారు. మీద పడుకొని చంపటమని అర్థం. పేరులోనే నేరారోపణ ఇమిడివుంది. తరువాతి కాలంలో 'కాట్ డెత్' అన్నారు. అంటే పసిపిల్లల తొట్టిమంచంలో మరణం. దీన్ని 'ఉయ్యాల మరణం' అని తెలుగు చేస్తే నేరం తల్లి మీదినుంచి ఉయ్యాల మీదికి బదిలీ అవుతుందే తప్ప, అర్థం తేటపడదు. అనువాదం చేసేవారికి ఇటువంటి చిక్కులు నిత్యం ఎదురవుతూనే వుంటాయి. వైద్యులు నేడు వాడుతున్న పేరును 'ఆకస్మిక శిశుమరణ లక్షణ సముదాయం' అని చెప్పుకోవచ్చు. 1969లో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో బ్రూస్ బెక్విత్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని నిర్వచించాడు. అంతవరకు ఆరోగ్యంగా కనిపించిన శిశువు హఠాత్తుగా మరణించాలి. క్షుణ్ణంగా శవపరీక్ష జరిపినా కారణం దొరకకూడదు. ఏడాది లోపు పిల్లలకే ఇది వర్తిస్తుందనీ, బిడ్డ మరణించిన చోటును, ఆరోగ్య చరిత్రను కూడా పరిశీలించాలనీ 1989లో నిర్వచనాన్ని సవరించారు. అంటే ఇది నిజానికి ఒక రోగం పేరు కాదు. ఇక కారణం చెప్పలేమని వైద్యుడు కలం కింద పెట్టేటప్పుడు రాసే పేరు.

అయితే కారణం తెలియకపోయినా ఈ మరణాలకు ఒక క్రమం మాత్రం వుంది. పుట్టిన మొదటి వారాలలో ఇవి తక్కువ. రెండవ నెల నుంచి నాలుగవ నెల వరకు ముమ్మరంగా కనిపిస్తాయి. నూటికి తొంభై మరణాలు ఆరునెలల లోపే సంభవిస్తాయి. ఆడపిల్లలకంటె మగపిల్లలు ఎక్కువగా బలి అవుతారు. నెలలు నిండకుండా పుట్టినవారికి, తక్కువ బరువుతో పుట్టినవారికి అపాయం హెచ్చు. శీతాకాలంలో ఈ మరణాలు ఎక్కువగా వుండేవి. తల్లుల తాగుడే కారణమైతే మృత్యువు ఇంత నియమబద్ధంగా వయస్సును ఎంచుకోవలసిన అవసరమేమిటి? ఈ ప్రశ్న వేయటానికి వైద్యలోకానికి చాలా కాలం పట్టింది.

ఈ విషాదం ఏ నాగరికతకూ కొత్త కాదు. బైబిలులో సొలొమోను రాజు ముందుకు బిడ్డ కోసం వాదులాడుతూ వచ్చిన ఇద్దరు స్త్రీలలో ఒకరి శిశువు రాత్రి తల్లి మీద పడటంవల్లనే మరణించినట్లు కథ. 18వ శతాబ్దిలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో దాదులు శిశువులను పక్కలో వేసుకొనేటప్పుడు 'ఆర్కూచియో' అనే కమాను వంటి చట్రాన్ని బిడ్డమీద అమర్చేవారు. దాది ఎంత మొద్దునిద్రలో ఒరిగినా ఆ చట్రం ఆపేది. మన దేశంలో దోషం మానవులమీద కాక గ్రహాలమీద పడింది. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం శిశువులను పీడించే తొమ్మిది బాలగ్రహాలను వర్ణిస్తుంది. అందులో పూతన ఒకటి. పక్షిపేరు గల శకుని మరొకటి. మన పల్లెలలో ఈనాటికీ వినిపించే పక్షిదోషం, దిష్టి వంటి మాటలు ఈ కోవలోనివే. శాస్త్రీయమైన వివరణలు కాకపోవచ్చు. కాని కడుపుకోతకు గురైన తల్లిని హంతకురాలని మాత్రం అవి అనలేదు.

20వ శతాబ్ది మొదట్లో ఐరోపా వైద్యులు తల్లిని విడిచిపెట్టి బిడ్డ ఛాతీలోని థైమస్ గ్రంథిని పట్టుకున్నారు. 1889లో వియన్నాకు చెందిన పాల్టాఫ్, అకస్మాత్తుగా మరణించిన పిల్లలలో ఈ గ్రంథి చాలా పెద్దదిగా వున్నదని ప్రకటించాడు. అది శ్వాసనాళాన్ని నొక్కి ప్రాణం తీస్తున్నదని కొందరు, ఆ పిల్లల శరీరతత్వమే బలహీనమైనదని కొందరు వాదించారు. నివారణ కోసం ఆరోగ్యవంతులైన శిశువుల ఛాతీలమీద ఎక్స్‌రే కిరణాలను ప్రసరింపజేసి గ్రంథిని కుదించసాగారు. దీనికంతటికీ మూలం ఒక పొరపాటు లెక్క. అంతకుముందు శవపరీక్షల బల్లమీదికి వచ్చిన పిల్లలు చాలావరకు దీర్ఘరోగాలతో, పోషకాహారం లేక కృశించి మరణించిన నిరుపేదల బిడ్డలు. వ్యాధి పీడనవల్ల వారి థైమస్ గ్రంథులు కుంచించుకుపోయి వుండేవి. వాటినే సహజమైన కొలతగా తీసుకోవటంతో, ఆరోగ్యవంతుల గ్రంథులు 'పెరిగిన' గ్రంథులుగా తోచాయి. ఆ కిరణచికిత్స పొందిన పిల్లలలో థైరాయిడ్ కాన్సరు తలెత్తుతున్నదన్న సంగతి 1950లో బయటపడింది. లేని జబ్బుకు చేసిన వైద్యం వున్న జబ్బును తెచ్చిపెట్టింది.

అసలు ఆచూకీ మాత్రం అప్పటికే ఒకరికి దొరికింది. 1944లో న్యూయార్కులో హెరాల్డ్ అబ్రామ్‌సన్ అనే వైద్యుడు నగరంలో ఊపిరాడక మరణించినట్లు నమోదయిన 139 మంది శిశువుల వివరాలు పరిశీలించాడు. వారిలో సుమారు మూడింట రెండు వంతులమంది బోర్లా పడుకొని వున్న స్థితిలో కనిపించారు. పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని ఆయన హెచ్చరించాడు. అయితే ఆ నగరంలోనే జేకబ్ వెర్నే, ఐరీన్ గారో అనే మరి ఇద్దరు వైద్యులు, ఈ మరణాలకు ఊపిరాడకపోవటం కారణం కాదనీ, అంతుపట్టని సహజవ్యాధి ఏదో వున్నదనీ సూక్ష్మదర్శిని సాక్ష్యంతో వాదించారు. తల్లులపై నింద తొలగించిన వాదం గనుక దానికి ఆదరణ లభించింది. దానితోపాటు అబ్రామ్‌సన్ హెచ్చరిక కూడా మరుగున పడింది.

తరువాత జరిగినది మరింత విచారకరం. అమెరికాలో ఇంటింటా వున్న డాక్టర్ బెంజమిన్ స్పాక్ శిశుపోషణ గ్రంథం మొదట 1946లో వెలువడింది. 1950 దశకం రెండవ భాగంలో దాని కొత్త కూర్పు శిశువును బోర్లా పడుకోబెట్టటం మేలని చెప్పింది. వెల్లకిల పడుకున్న బిడ్డ పాలు కక్కితే అవి గొంతుకు అడ్డం పడతాయని ఆయన భయం. నెలలు నిండని శిశువులను పెంచే ఆసుపత్రి విభాగాలలో, బోర్లా వేస్తే ఊపిరి తేలికగా ఆడుతుందని దాదులు గమనించారు. నిరంతరం ఎవరో ఒకరు కనిపెట్టుకొని వుండే ఆ చోట అది నిజమే. అక్కడి అలవాటు ఇళ్లకు పాకింది. 1970 దశకంలో హాలండులో ఈ సలహా వ్యాపించిన కొద్దీ ఆకస్మిక శిశుమరణాలు పెరిగాయి. సంవత్సరాల తరబడి ఎవరూ ఆ రెండింటినీ జతపరచి చూడలేదు.

చూసినవారిలో ఆస్ట్రేలియాలోని అడిలైడుకు చెందిన శిశువైద్యురాలు సూసన్ బీల్ ముఖ్యురాలు. 1970 దశకంలో మొదలుపెట్టి, శిశువు మరణించిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లి, తల్లిదండ్రులతో కూర్చొని, బిడ్డ ఎక్కడ, ఏ పరుపుమీద, ఏ భంగిమలో వున్నదీ అడిగి రాసుకొనేది. వందలాది ఇళ్లు తిరిగిన తరువాత ఆమె కనిపెట్టినది కూడా అదే: బోర్లా నిద్ర. ఇక 1985లో హాంకాంగ్ నుంచి డేవిస్ అనే ప్రొఫెసరు ఒక చిత్రమైన ప్రశ్న వేశాడు. ఇంత ఇరుకైన, జనసమ్మర్దం గల నగరంలో ఈ మరణాలు ఇంత అరుదుగా ఎందుకు వున్నాయి? అక్కడి తల్లులు తరతరాలుగా పిల్లలను వెల్లకిలే పడుకోబెడుతున్నారు. టెంపుల్‌మన్ చెప్పిన ఇరుకు గదుల సిద్ధాంతానికి ఇంతకంటె సూటి సమాధానం వుండదు.

1987లో గూస్ ద యోంగె అనే డచ్చి వైద్యుని పూనికతో హాలండు తన సలహాను మార్చుకున్నది, మరణాలు తగ్గాయి. న్యూజీలాండులో ఎడ్వర్డ్ మిచెల్ బృందం 1987 నుంచి మూడేళ్లపాటు, ఇంగ్లండులో బ్రిస్టల్ పరిసరాలలో పీటర్ ఫ్లెమింగ్ బృందం అదే కాలంలో జరిపిన పరిశోధనలు రెండూ ఒకే మాట చెప్పాయి. బోర్లా పడుకొనే శిశువుకు అపాయం సుమారు తొమ్మిది రెట్లు అధికమని ఫ్లెమింగ్ 1990లో లెక్కగట్టాడు. 1991 జూలైలో బ్రిటిష్ టెలివిజన్ ప్రయోక్త ఆన్ డయమండ్ తన నాలుగు నెలల కుమారుడు సెబాస్టియన్‌ను ఇదే విధంగా కోల్పోయింది. ఆమె న్యూజీలాండు వెళ్లి అక్కడి ఫలితాలు కళ్లారా చూసి వచ్చి, ప్రభుత్వం కదిలేదాకా వూరుకోలేదు. ఆ డిసెంబరులోనే 'పిల్లలను వెల్లకిల పడుకోబెట్టండి' అన్న ప్రచారం బ్రిటన్‌లో మొదలయింది. ఏటా వెయ్యిమందికి పైగా శిశువులను బలిగొంటున్న ఈ మృత్యువు రెండు మూడేళ్లలో సగానికి పైగా తగ్గిపోయింది. అమెరికాలో 1992లో వెయ్యి జననాలకు 1.2గా వున్న రేటు 2000 నాటికి సుమారు 0.6కు దిగింది. ఒక మందు లేదు, ఒక సూది లేదు, ఒక యంత్రం లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే.

ఈ లెక్కకు రెండవ వైపు కూడా చూడాలి. పాత పరిశోధనలన్నిటినీ 2005లో రూత్ గిల్బర్ట్, ఆమె సహచరులు తిరిగి పరిశీలించారు. వున్న ఆధారాలను ఎవరైనా కూడి చూసివుంటే 1970 నాటికే బోర్లా నిద్ర అపాయకరమని తేలివుండేదని వారి నిర్ణయం. ఆ ఆలస్యానికి బ్రిటన్ చెల్లించిన మూల్యం పదివేలకు పైగా శిశువులు. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశాలన్నీ కలిపి చెల్లించినది కనీసం 50,000 మంది. వైద్యులను నమ్మి, వారు చెప్పినట్లే శ్రద్ధగా చేసిన తల్లుల బిడ్డలు వీరు.

పాలు పొలమారుతాయన్న భయం మన ఇళ్లలోనూ వున్నది గనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గొంతులో శ్వాసనాళం ముందువైపు, అన్నవాహిక వెనుకవైపు వుంటాయి. బిడ్డ వెల్లకిల పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద వుంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకున్నప్పుడు స్థానాలు తారుమారై, పాలు అటు జారటమే సులభమవుతుంది. పిల్లలను వెల్లకిల పడుకోబెట్టటం మొదలుపెట్టిన దేశాలలో పాలు అడ్డం పడి మరణించిన శిశువుల సంఖ్య పెరగలేదు.

బోర్లా పడుకున్న బిడ్డకు ఏమవుతుంది? ముఖం మెత్తని పరుపులో కూరుకుపోయినప్పుడు, విడిచిన ఊపిరి అక్కడే నిలిచి, బిడ్డ దానినే తిరిగి పీలుస్తుంది. ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఒంటి వేడి కూడా బయటకు పోదు. అటువంటప్పుడు మామూలు బిడ్డ నిద్రలోనే ఉలిక్కిపడి, ఎగశ్వాస తీసి, తల తిప్పుకుంటుంది లేదా ఏడుస్తుంది. కొందరు శిశువులు మేలుకోరు. ఎందుకు మేలుకోరు అన్నదే అసలు రహస్యం. అమెరికాలోని బోస్టన్‌లో హన్నా కిన్నీ అనే శాస్త్రజ్ఞురాలు ఈ విధంగా మరణించిన శిశువుల మెదళ్లను దశాబ్దాలపాటు పరిశీలించింది. మెదడు అడుగుభాగాన, ఊపిరినీ గుండెనూ మెలకువనూ అదుపుచేసే చోట, సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన వ్యవస్థ పలువురిలో లోపభూయిష్టంగా వున్నట్లు ఆమె బృందం కనుగొన్నది. 1994లో ఆమె, ఫిలియానో కలసి ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మూడు అంశాలు ఒకచోట కలవాలి: పైకి కనిపించని అంతర్గత బలహీనత, రెండు నాలుగు నెలల మధ్య శరీరవ్యవస్థలు త్వరత్వరగా మారే సున్నితమైన వయస్సు, బయటినుంచి వచ్చే ఒత్తిడి. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడవది కొంతవరకు వుంది.

ఆ ఒత్తిళ్లలో బోర్లా నిద్ర తరువాత చెప్పుకోదగినది పొగాకు. గర్భవతి పొగతాగితే శిశువుకు అపాయం రెట్టింపుకు మించుతుంది; ప్రసవానంతరం ఇంట్లో ఎవరు తాగినా చేటే. మన స్త్రీలు పొగతాగరు గదా అనవచ్చు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో చుట్ట నిప్పును నోటిలోపల వుంచుకొని తాగే 'అడ్డపొగ' స్త్రీలలోనే ఎక్కువన్న సంగతి దంతవైద్యుల గ్రంథాలకెక్కింది. ఇక మెత్తని దిండ్లు, బొంతలు, ముఖంమీదికి జారే దుప్పట్లు, మితిమీరిన చుట్టబెట్టటం. తల గుండ్రంగా రావాలని మనం వేసే ఆవాల దిండును కూడా ఈ కారణంగానే శిశువైద్యులు సమ్మతించరు. సోఫాలోగాని కుర్చీలోగాని బిడ్డను ఎత్తుకొని నిద్రపోవటం అన్నిటికంటె ప్రమాదకరం. తల్లిపాలు అపాయాన్ని ఇంచుమించు సగానికి తగ్గిస్తాయి.

తల్లి పక్కలో బిడ్డ పడుకోవటం గురించి వైద్యులలో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. అమెరికా శిశువైద్యుల సంఘం బిడ్డ అదే గదిలో, కాని వేరే పక్కమీద వుండాలంటుంది. మానవశాస్త్రవేత్త జేమ్స్ మెకెన్నా వంటివారు, పాలిచ్చే తల్లి పక్కనే బిడ్డ నిద్రించటం మానవజాతి సహజస్థితి అంటారు. తల్లిగాని తండ్రిగాని పొగతాగేవారైనా, మద్యం సేవించినా, మత్తుమందు పుచ్చుకున్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినదైనా పక్కలో వేసుకోరాదన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ భేదం లేదు. శనివారం రాత్రి గురించి టెంపుల్‌మన్ పూర్తిగా తప్పు చెప్పలేదన్నమాట.

ఈ వివాదంలో మన ఉపఖండపు తల్లులు సాక్షులుగా నిలిచారు. బ్రిటన్‌లో స్థిరపడిన భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కుటుంబాలలో చాలామంది బీదవారు, ఇరుకిళ్లవారు. అయినా వారి శిశువులలో ఈ మరణాలు తెల్లవారి శిశువులకంటె తక్కువ. 1993లో కార్డిఫ్ నగరంలో బంగ్లాదేశీ కుటుంబాలనూ వెల్షు కుటుంబాలనూ పోల్చి చూసినవారు, బంగ్లాదేశీ శిశువు పగలూ రాత్రీ మనుషుల మధ్య, మాటల చప్పుడు మధ్య వుంటుందని రాశారు. వెల్షు శిశువును ఒంటరి గదిలో, నిశ్శబ్దంలో నిద్రపుచ్చటమే మంచి పెంపకంగా భావించేవారు. డర్హం విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ బాల్ బృందం బ్రాడ్‌ఫర్డులో రెండున్నరవేలకు పైగా కుటుంబాలను విచారించి 2012లో ఇటువంటి ఫలితాలనే ప్రకటించింది. అక్కడి పాకిస్తానీ తల్లులు దిండ్లు, దుప్పట్లు ఎక్కువే వాడతారు. కాని పొగ, మద్యం ముట్టరు. బిడ్డను తమ గదిలోనే వుంచుకుంటారు.

మన తెలుగునాట బిడ్డ తొలిసారి బోర్లపడిన రోజున బొబ్బట్లు చేసి పంచుతాం. అంతవరకు బిడ్డ వెల్లకిల వున్నదనే గదా దాని అర్థం! తానంతట తాను అటూ ఇటూ దొర్లగల బిడ్డను నిద్రలో మాటిమాటికీ సరిచేయనవసరం లేదని వైద్యులు కూడా అంటారు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిల వేస్తే చాలు.

రహస్యం వున్నచోట వదంతులు తప్పవు. టీకాలవల్ల పిల్లలు మరణిస్తున్నారన్నది వాటిలో ఒకటి. మన దేశంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలు వేస్తారు. ఆకస్మిక మరణాలు ముమ్మరంగా వుండే వయస్సూ అదే గనుక రెండూ ఒకదాని వెంట ఒకటి రావటం సహజం. జాగ్రత్తగా పోల్చి చూసిన అధ్యయనాలలో టీకాలు వేయించుకున్న శిశువులకు అపాయం పెరిగినట్లు తేలలేదు. పరుపులలోనుంచి విషవాయువు వెలువడుతున్నదని 1989లో బ్రిటన్‌లో చెలరేగిన భయాన్ని 1998లో లిమరిక్ సంఘం నిరాధారమని తోసిపుచ్చింది. 2022లో, ఒకప్పుడు తన బిడ్డను ఇలాగే పోగొట్టుకున్న ఆస్ట్రేలియా పరిశోధకురాలు కార్మెల్ హారింగ్‌టన్, మరణించిన శిశువుల రక్తంలో ఒక ఎంజైము తక్కువగా వున్నదని ప్రకటించింది. కారణం దొరికిపోయిందని పత్రికలు కోడై కూశాయి. ఆమె పరీక్షించిన ఆకస్మిక మరణాలు 26 మాత్రమే.

అనుమానం మాత్రం తల్లులను విడిచిపెట్టలేదు. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు శిశువులను వరుసగా కోల్పోయింది. ఒకే కుటుంబంలో ఇలా రెండుసార్లు జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షలలో ఒక వంతు మాత్రమేనని ఒక ప్రసిద్ధ శిశువైద్యుడు సాక్ష్యమిచ్చాడు. 1999లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, ఒకే ఇంట పెరిగిన బిడ్డల మరణాలను నాణెం ఎగరవేసినట్లు పరస్పరం సంబంధం లేనివిగా లెక్కించరాదని గణాంకశాస్త్రజ్ఞుల సంఘం నిరసన తెలిపింది. 2003లో ఆమె విడుదలయింది, 2007లో మరణించింది. ఆస్ట్రేలియాలో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న కాథ్లీన్ ఫాల్బిగ్ 2003 నుంచి 20 ఏళ్లు చెరసాలలో గడిపింది. గుండె లయను దెబ్బతీయగల అరుదైన జన్యుమార్పు ఆమెలోను, ఆమె ఇద్దరు కుమార్తెలలోను వున్నదని శాస్త్రజ్ఞులు చూపిన మీదట 2023లో క్షమాభిక్ష లభించి, ఆపైన శిక్ష రద్దయింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా లేకపోలేదు. నిద్రలో ఊపిరి ఆగిపోయే వంశగత లక్షణమే ఈ మరణాలకు కారణమని 1972లో అమెరికా వైద్యుడు స్టైన్‌ష్నైడర్ రాసిన వ్యాసం జగత్ప్రసిద్ధమయింది. దాని ఆధారంగా లక్షలాది ఇళ్లలో శ్వాసను కనిపెట్టే యంత్రాలు వెలిశాయి; వాటివల్ల మరణాలు తగ్గినట్లు దాఖలా లేదు. ఆ వ్యాసంలోని ఇద్దరు శిశువుల తల్లి వనీటా హోయిట్, తన అయిదుగురు బిడ్డలనూ చంపినట్లు 1995లో న్యాయస్థానం నిర్ధారించింది.

శాలీ క్లార్క్ వంటి తల్లుల ఉదంతాల దరిమిలా, బ్రిటన్‌లో 2004లో హెలెనా కెనెడీ అధ్యక్షతన ఒక సంఘం కొత్త పద్ధతిని సూచించింది. శిశువు ఆకస్మికంగా మరణించిన ఇంటికి పోలీసు అధికారి ఒంటరిగా వెళ్లరాదు; శిశువైద్య నిపుణుడు కూడా త్వరలోనే వెళ్లాలి. బిడ్డ ఎలా పడుకున్నదీ, ఏమి కప్పినదీ, గది ఎంత వెచ్చగా వున్నదీ అడిగి, శవపరీక్ష ఫలితాలు వచ్చిన తరువాత ఆ వైద్యుడే తిరిగి వచ్చి తల్లిదండ్రులకు చెప్పాలి. మన దేశంలో 1971లో వెయ్యికి 129గా వున్న శిశుమరణాల రేటు 2023 నాటికి 25కు తగ్గింది. అంటురోగాలు, అతిసారం, పురిటి గండాలు వెనక్కు తగ్గిన కొద్దీ, ఇన్నాళ్లూ ఆ గుంపులో కలసిపోయిన ఈ మరణాలు విడిగా కనిపించక తప్పదు. ఇళ్లలో మరణించే శిశువులకు మన దగ్గర శవపరీక్ష జరగటం చాలా అరుదు. పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, తల్లిని అడిగి, కాగితం నింపుతుంది. బిడ్డను ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టారన్న ప్రశ్న ఒక్కటి ఆ కాగితంలో చేరిస్తే అయ్యే ఖర్చు ఏమీ లేదు.